కుటుంబ ఛాయాచిత్రము – దుస్తుల ఎన్నిక

ఇంటిలో వివాహము కుదిరినపుడో, పెద్దలు హజ్ యాత్రకు గాని కాశీయాత్రకు గాని బయలుదేరినపుడో, కుమారుడు ఉద్యోగము కొరకు దూరదేశమునకు పోతున్నపుడో కుటుంబమంతా ఒకచోట చేరి ఫోటో తీయించుకోవడము మన ప్రాంతములో చాలాకాలముగా వస్తున్న ఆచారము. ఆ రోజు ఉదయము ప్రతి ఇంటిలోను వినిపించే ప్రశ్న ఒక్కటే: “ఏ బట్టలు కట్టుకోవాలి?” చూడడానికి ఇది చిన్న ప్రశ్నే. కాని దీనిలో కాంతిశాస్త్రము ఉన్నది, చరిత్ర ఉన్నది, ఇంటి ఆర్థికస్థితి ఉన్నది, పెద్దలపట్ల మర్యాద ఉన్నది. అందుచేతనే దీనిని ఒక అధ్యయన విషయముగా గ్రహించి విద్యార్థినీ విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గము వారి ముందు ఉంచదలచినాము.

మా అభిప్రాయమును ముందుగానే మనవి చేస్తున్నాము. కుటుంబ ఛాయాచిత్రమునకు దుస్తులను ఎన్నుకొనేటపుడు సామాన్యముగా ఇంటిలో అందరికంటె విలువైన బట్టలు ఉన్నవారినుండి ఆలోచన మొదలవుతుంది. పెండ్లికుమార్తె చీర ఏ రంగుదైతే మిగిలినవారు దానికి తగినట్లు కొనుక్కోవలసి వస్తుంది. ఈ పద్ధతి తలక్రిందులు. ఇంటిలో అందరికంటె తక్కువ బట్టలు ఎవరికి ఉన్నవో వారినుండి ఎన్నిక ప్రారంభము కావలెను. ఇది దయాధర్మముతో చెప్పే మాట మాత్రమే కాదు. చిత్రము చక్కగా రావడానికి కూడ ఇదే మార్గమని క్రింది చర్చవలన తెలియగలదు.

చరిత్రలో కొన్ని పుటలు

ఛాయాచిత్రకళ 1839లో ఫ్రాన్సు దేశమున లోకమునకు వెల్లడి అయినది. దక్కనులో ఆ కళకు మహోన్నత స్థానమును కలిగించినవాడు లాలా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపమందలి సర్ధనాలో జన్మించి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ఉద్యోగము చేస్తూ ఈ కళను అభ్యసించినాడు. తరువాత ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడై ‘రాజా ముసవ్విర్ జంగ్’ అనే బిరుదమును పొందినాడు. ఉర్దూలో ముసవ్విర్ అనగా చిత్రకారుడు.

ఆయన చేసిన పనులలో మన విషయమునకు మిక్కిలి సంబంధించినది ఒకటి ఉన్నది. నాటి కులీన కుటుంబముల స్త్రీలు పరదా పాటించేవారు. పరపురుషుని కెమెరా ముందు వారు కూర్చునే అవకాశము లేదు. అందుచేత ఆయన 1892లో హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించినాడు. ఇందులోని నీతి గమనింపదగినది. “మీ ఆచారమును విడిచి మా స్టూడియోకు రండి” అని ఆయన చెప్పలేదు. వారి ఆచారమునకు తగిన స్టూడియోను కట్టినాడు. చిత్రము మనుష్యులకు లొంగవలెను గాని, మనుష్యులు చిత్రమునకు లొంగరాదు.

దుస్తుల విషయములో ఇరువురు నిజాములు రెండు విరుద్ధ ఆదర్శములుగా కనిపిస్తారు. మహబూబ్ అలీ ఖాన్ వస్త్రప్రీతి జగద్విదితము. ఆయన ఉడుపుల కొరకు నిర్మించిన రెండంతస్తుల కొయ్య బీరువాల వరుసను పాతబస్తీలోని పురానీ హవేలీలో నేటికిని చూడవచ్చును. ఆయన కుమారుడు, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అపార ధనవంతుడై ఉండియు సాదా దుస్తులకు పేరుపొందినాడు. తండ్రి చిత్రములలో ముందుగా మన దృష్టి వస్త్రాభరణములపై నిలుస్తుంది. కుమారుని సాదా షేర్వానీ చిత్రములలో మొదట ముఖమే కనిపిస్తుంది.

మరొక విశేషము. నాటి హైదరాబాదులో షేర్వానీ ఒక్క మతమువారి దుస్తు కాదు. ఉద్యోగులు, విద్యావంతులు, జాగీర్దార్లు – ముస్లిములైనను హిందువులైనను – షేర్వానీ ధరించి ఫోటోలు తీయించుకునేవారు. ఆనాటి సమూహ చిత్రమును చూసి ఎవరు ఏ మతమువారో చెప్పడము కష్టము. అనేక కుటుంబములు కలిసి పంచుకున్న ఒక నాగరికతకు ఆ చిత్రములు సాక్ష్యము పలుకుతున్నవి. దుస్తులను చరిత్ర ఆధారములుగా ఎందుకు చదవవలెనో దీనివలన బోధపడుతుంది.

నల్లచీర రహస్యము

పాత పెండ్లి ఫోటోలలో పెండ్లికుమార్తె చీర నల్లగా కనిపించడము చాలామంది చూసియే ఉంటారు. మన పెండ్లిండ్లలో నలుపు అశుభమని పెద్దలు అంటారు గదా, మరి ఆ చీర ఎక్కడినుండి వచ్చినది? సమాధానము చీరలో లేదు, ఫోటో పలకలో ఉన్నది.

తొలినాటి పలకలు నీలము, ఊదా కాంతులను మాత్రమే గ్రహించేవి. ఎరుపు, పసుపు వాటికి చీకటితో సమానము. కనుక సిందూరవర్ణపు చీర నల్లగాను, పసుపు పూసిన బట్ట మసకగాను, లేత నీలిరంగు బట్ట తెల్లగాను వచ్చేవి. 1873లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్, పలకకు కొన్ని రంగు ద్రవ్యములు చేర్చినచో ఆకుపచ్చ, పసుపు కాంతులు కూడ నమోదు అవుతాయని కనుగొన్నాడు. ఇట్టివాటిని ఆర్థోక్రోమాటిక్ పలకలని అన్నారు. వాటికిని ఎరుపు కనిపించదు. అన్ని రంగులను గ్రహించగల పాన్‌క్రోమాటిక్ పలకలు 1906లో విక్రయమునకు వచ్చినవి. అటుపిమ్మట కూడ పాతరకములు చాలాకాలము వాడుకలోనే ఉన్నవి.

కాబట్టి విద్యార్థులు తమ ఇంటి పాత చిత్రములను చూసేటపుడు తొందరపడి రంగును నిర్ణయించరాదు. నల్లగా ఉన్నది ఎరుపు కావచ్చును, తెల్లగా ఉన్నది నీలము కావచ్చును. నిజము తెలిసినవారు ఆ ఇంటి వృద్ధులే. వారు ఉన్నపుడే అడిగి వ్రాసి పెట్టుకోవడము ఉత్తమము.

నేటి కెమెరా, నేటి బట్ట

నేటి కెమెరా అన్ని రంగులను గ్రహిస్తుంది. అయినను దానికి కొన్ని బలహీనతలు ఉన్నవి. వాటిని తెలుసుకొని దుస్తులను ఎన్నుకొంటే సగము పని పూర్తి అయినట్లే.

మొదటిది తెలుపు, నలుపుల సమస్య. కెమెరాలోని కాంతిమాపకము తన ముందున్న దృశ్యమంతా సగటున మధ్యరకపు బూడిదరంగులో ఉన్నదని భావిస్తుంది. ఆ బూడిదరంగు తనమీద పడిన కాంతిలో సుమారు 18 శాతము తిరిగి పంపుతుందని లెక్క. అందరూ తెల్లబట్టలు కట్టినచో కెమెరా వెలుతురు ఎక్కువైనదని భ్రమించి తగ్గిస్తుంది. ముఖములు చామనఛాయ కంటె కూడ నల్లబడుతాయి. అందరూ నల్లని షేర్వానీలు, బురఖాలు ధరించినచో చీకటిగా ఉన్నదని భ్రమించి వెలుతురు పెంచుతుంది, ముఖములు పాలిపోతాయి. నేటి ఫోనులు ముఖములను గుర్తించి కొంతవరకు సవరించుకొంటాయి. కాని పూర్తి తెలుపును పూర్తి నలుపును పక్కపక్కన నిలిపితే ఒకదాని మడతలు, లేదా రెండవదాని మడతలు మాయము కావడము ఇప్పటికిని చూస్తున్నాము. మధ్యరకపు రంగులు – ఇటుకరంగు, మెంతిరంగు, ముదురు ఆకుపచ్చ, బూడిద నీలము – అన్ని ఛాయల ముఖములకును అనుకూలము.

రెండవది మెరుపు. జరీ అంచు, అద్దాల పని, చెమ్కీలు ఫ్లాష్ వెలుగును సూటిగా కెమెరావైపు తిప్పికొట్టి తెల్లని మచ్చలుగా మిగులుతాయి. గద్వాల, నారాయణపేట చీరల అందమంతా అంచులోను కొంగులోను ఉన్నది. కనుక జరీ వద్దనము. కొంగును సవరించి జరీభాగము ముఖమునకు దగ్గరగా రాకుండ చూసుకొని, ఫ్లాష్ మాని, కిటికీ ప్రక్కనుండి వచ్చే పగటి వెలుతురులో తీయించుకొంటే జరీ జరీవలెనే కనిపిస్తుంది.

మూడవది గీతలు. బహు సన్నని గీతలు, చిన్నచిన్న గళ్ళు ఉన్న చొక్కాలు డిజిటల్ చిత్రములో లేని అలలను పుట్టిస్తాయి. బట్టలోని గీతల వరుస, కెమెరాలోని గ్రాహక బిందువుల వరుస ఒకదానితో ఒకటి ఢీకొనడమే దీనికి కారణము. పోచంపల్లి వస్త్రమువలె పెద్ద నమూనా ఉన్న బట్టకు ఈ దోషము సాధారణముగా అంటదు. అయితే కుటుంబములో అటువంటి పెద్ద నమూనా ఒకరిద్దరికే ఉండవలెను. అందరూ పూలు, చుక్కలు, గళ్ళు కట్టుకొని నిలబడితే చూపు ఎక్కడ ఆగవలెనో తెలియదు.

నాలుగవది ప్రతిఫలనము. గాఢమైన గులాబి, చిలకపచ్చ రంగుల బట్ట ఎండలో తన రంగును గడ్డము క్రిందికి, మెడమీదికి చిమ్ముతుంది. పక్కనున్నవారి చెంపమీద కూడ ఆ నీడ పడుతుంది. తెల్లబట్ట విషయములో వేరొక చిక్కు ఉన్నది. నేటి సబ్బుపొడులలో తెలుపును పెంచే ద్రవ్యములు కంటికి కనిపించని అతినీల కాంతిని గ్రహించి నీలికాంతిగా విడుదల చేస్తాయి. అందుచేత కొన్ని తెల్లచొక్కాలు ఫోటోలో నీలిఛాయతో వస్తాయి. నూలుబట్ట సహజమైన లేత మీగడరంగు అన్నిటికంటె నెమ్మదైనది.

ఎన్నిక చేయు విధానము: ఒక ఉదాహరణ

ఒక కుటుంబమును ఊహించుకొందము. దాదీ అనండి, నాయనమ్మ అనండి, ఆమె తెల్లని నూలుచీర తప్ప వేరొకటి ధరించదు. తండ్రికి ఒక్క నల్లని షేర్వానీ ఉన్నది. తల్లికి జరీ అంచు గల పట్టుచీర ఉన్నది. కళాశాలలో చదివే కుమారునికి గళ్ళచొక్కాయే ప్రాణము. కుమార్తె తనకిష్టమైన ఇటుకరంగు దుపట్టా వేసుకొంటానంటున్నది. పల్లెనుండి వచ్చిన చిన్నాన్న పిల్లలిద్దరికి మాత్రము బడి యూనిఫారము తప్ప మంచిబట్టలు లేవు – తెల్లచొక్కా, నీలి నిక్కరు.

సామాన్యముగా ఏమి జరుగుతుంది? తల్లి పట్టుచీరకు సరిపోయేటట్లు అందరూ కొనుక్కోవాలని నిశ్చయిస్తారు. చిన్నాన్న అప్పు చేస్తాడు, లేదా “పిల్లలకు జ్వరము” అని చెప్పి తప్పుకొంటాడు. నాయనమ్మను “ఈ ఒక్కరోజుకు రంగుచీర కట్టుకో” అని బలవంతపెడతారు. ఫోటోలో ఆమె ముఖము ఆమెది కాకుండ పోతుంది.

మేము సూచించే పద్ధతి ఇది. మార్చుకొనే వీలులేనివారు ఈ కుటుంబములో ముగ్గురు: నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. వారి రంగులు తెలుపు, నీలము. ఇవే చిత్రమునకు ఆధారము కావలెను. నాయనమ్మను మధ్యలో కూర్చుండబెట్టి, పిల్లలను చెరియొకవైపు నిలిపితే యూనిఫారమే నాయనమ్మ చీరకు జోడు అవుతుంది; వారి బట్టలు లోటుగా గాక ఏర్పాటుగా కనిపిస్తాయి. తండ్రి నల్లని షేర్వానీతో వెనుక నిలబడవలెను. అయితే వెనుకనున్న గోడ లేతరంగుది కావలెను, లేనిచో భుజములు గోడలో కలిసిపోతాయి. తల్లి పట్టుచీర కట్టుకొన్నను కొంగును మడిచి భుజమునకు వెనుకగా వేసుకొనవలెను. కుమారుడు గళ్ళచొక్కా మాని తనకున్న సాదా బూడిదరంగు చొక్కా వేసుకొనవలెను. కోరి మార్చుకోగలిగినవాడు అతడే గనుక త్యాగము అతనిది. కుమార్తె ఇటుకరంగు దుపట్టా ఒక్కటే చిత్రములో వెచ్చని రంగుగా నిలిచి శోభనిస్తుంది. ఈ ఏర్పాటులో ఎవరును ఒక్క రూపాయి ఖర్చు చేయలేదు.

ఒక చిన్న పరీక్ష కూడ చెప్పుతున్నాము. ముందురోజు బట్టలన్నింటిని మంచముమీద పక్కపక్కన పరచి, ఫోనులో నలుపు తెలుపు చిత్రము తీయండి. రంగులు పోయి వెలుగునీడలు మాత్రము మిగులుతాయి. ఏ బట్ట మిగిలినవాటికంటె మరీ తెల్లగానో మరీ నల్లగానో కనిపిస్తే, రేపు చూపు ముఖములను వదిలి అక్కడికే పోతుంది. అట్లే ఇస్త్రీ ముందురాత్రియే పూర్తి చేయండి. కూర్చునేవారి పాదములు కనిపిస్తాయి గనుక చెప్పులను కూడ చూసుకోండి. పసిపిల్లలకు గుచ్చుకొనే కొత్తబట్ట తొడగకండి. ఏడుస్తున్న బిడ్డకు ఏ జరీ అందమివ్వదు.

ఎరువు వేషము

“అరువు సొమ్ము బరువు చేటు” అని మన పెద్దల మాట. ఒక్కరోజు కొరకు ఎరువు తెచ్చిన కోటు, అద్దెకు తెచ్చిన నగ తాత్కాలికముగా గౌరవము ఇచ్చినట్లు తోచవచ్చును. కాని యాభై సంవత్సరముల తరువాత మనుమలు ఆ చిత్రమును చూసి “మా తాతగారు ఇట్లా ఉండేవారు” అనుకొంటారు. తాతగారు ఎన్నడూ అట్లా ఉండలేదు. నిత్యము ఆయన వేసుకొన్న లాల్చీ, భుజముమీది తువ్వాలు, చేతికర్ర – వీటినే వారు చూడగోరుతారు, అవే వారికి దొరకవు.

శుభ్రత వేరు, ఆడంబరము వేరు. ఉతికి, చినిగినచోట కుట్టి, ఇస్త్రీ చేసిన పాతబట్ట ఎవరికిని సిగ్గు కలిగించేది కాదు. ఒకనాడు మన ప్రాంతపు ముస్లిము కుటుంబములలో మష్రూ వస్త్రము ఆదరము పొందినది. దాని పైభాగము పట్టు, ఒంటికి తగిలే లోపలిభాగము నూలు. పురుషులకు పట్టు ధరించడములో ధార్మికమైన అభ్యంతరము ఉన్నందున నేతగాండ్లు ఈ ఉపాయము కనిపెట్టినారు. మష్రూ అనే మాటకు అర్థమే ‘అనుమతింపబడినది’. అందమును, నియమమును ఒకే మగ్గముమీద కలిపి నేసిన వివేకము అది. ఫోటోదినమున మనకు కావలసినది ఆ వివేకమే.

తలమీది ముసుగు తీయవలసినదని, బొట్టు పెట్టుకోవలసినదని, టోపీ తీసివేయవలసినదని చిత్రము అందము పేరిట ఎవరిని బలవంతము చేయరాదు. పరపురుషుడు తీయడము ఇష్టము లేని స్త్రీలు ఉంటే, ఇంటి ఆడపిల్ల చేతికి కెమెరా ఇవ్వవచ్చును. 1892లో సాధ్యమైనది నేడు అసాధ్యము కాదు. అసలు చిత్రమే వద్దనేవారు ఉంటే వారి మాటనూ మన్నించవలెను.

కళాశాల కార్యవర్గమునకు మనవి

కళాశాల కూడ ఒక కుటుంబమే అని వార్షికోత్సవ సభలలో వింటున్నాము. అట్లయితే మన వార్షిక సమూహ చిత్రమునకును ఇవే సూత్రములు వర్తిస్తాయి. కోటు, టై లేదా కొత్తబట్టలు తప్పనిసరి అని ప్రకటన వెలువడినచో, ఫోటోదినమున సెలవు పెట్టిన విద్యార్థికి కారణము జ్వరమే కానక్కరలేదు. ఆ సంవత్సరపు చిత్రములో అతని స్థానము శాశ్వతముగా ఖాళీ. అతడు చదివినాడు, ఫీజు కట్టినాడు, పరీక్ష వ్రాసినాడు, కాని చిత్రములో లేడు.

అందుచేత మూడు సూచనలు చేస్తున్నాము. మొదటిది, ఫోటోదినమును కనీసము రెండు వారముల ముందుగా తెలిపి, శుభ్రమైన లేతరంగు సాదా దుస్తులు చాలునని స్పష్టముగా ప్రకటించవలెను. రెండవది, విద్యార్థినులు ఏ విధమైన దుస్తులలో, ఎక్కడ కూర్చోదలచినారో వారినే అడిగి తెలుసుకోవలెను. మూడవది, అటెండర్లు, ఊడ్చేవారు, కాపలాదారులు కూడ చిత్రములో ఉండవలెను; వారి పేర్లు కూడ మిగిలినవారి పేర్లతోపాటు క్రింద అచ్చు కావలెను.

చిత్రము వచ్చిన తరువాత

దుస్తుల ఎన్నిక ఫోటోతో ముగిసిపోదు. 1970, 1980లనాటి రంగు ఫోటోలు అనేకము నేడు ఎర్రబారి ఉన్నవి. వాటిలోని నీలిఛాయ రంగు మిగిలినవాటికంటె ముందుగా వెలిసిపోవడమే కారణము. వెండితో తయారైన నలుపు తెలుపు చిత్రములు వాటికంటె పాతవైనను చాలావరకు నిలిచినవి. కనుక రంగుల ఫోటోలను ఎండ, తేమ, వేడి తగలని చోట ఉంచవలెను. ఫోనులో ఉన్నవాటిని రెండు మూడు చోట్ల భద్రపరచవలెను. అచ్చు ప్రతి వెనుక మెత్తని పెన్సిలుతో, ఒత్తిపెట్టకుండ, తేదీ, స్థలము, ఎడమనుండి కుడికి పేర్లు వ్రాయవలెను. ఉర్దూలో వ్రాస్తే కుడినుండి ఎడమకు వ్రాసినామని స్పష్టముగా సూచించవలెను. లేకుంటే మనుమలు తాతను చూసి మామ అనుకొంటారు! వీలైతే ఎవరు ఏ రంగు బట్ట కట్టినారో, అది ఎవరు నేసినదో, ఎవరు కుట్టినదో ఒక్క పంక్తి చేర్చవలెను.

పాఠమును సంగ్రహముగా చెప్పవలెనంటే: మార్చుకోలేనివారినుండి మొదలుపెట్టండి, మార్చుకోగలిగినవారు మార్చుకోండి, మెరుపు తగ్గించి ముఖమునకు వెలుతురివ్వండి, ఎరువు వేషము మానండి, ఎవరిని ఇంటిదగ్గర వదలకండి. రేపు సెలవులకు ఇంటికి వెళ్ళే విద్యార్థులు తమ కుటుంబములో ఇంతవరకు ఏ చిత్రములోను లేనివారు ఎవరో ఒకసారి విచారించవలెనని కోరుతున్నాము. ఈసారి ఎన్నిక వారి బట్టలనుండియే ప్రారంభము కావచ్చును.